అమ్మ ఒక్కరే, పేర్లు రెండు: ఆఫీసు ఎవరి మాట నమ్ముతుంది?

సీతమ్మధార_శ్రోత

మా నాన్నగారు ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో పనిచేసి రిటైరయ్యారు, నిరుడు కాలం చేశారు. ఆయన సర్వీసు రిజిస్టరులో మా అమ్మ పేరు చివర ‘అమ్మ’ అని ఉంది. ఆధార్‌లో ఆ అక్షరాలు లేవు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పాసుపుస్తకంలో పొడి అక్షరమే ఉంది. ఫ్యామిలీ పెన్షను పని ఇక్కడే చిక్కుకుపోయింది.

కౌంటరులోని ఉద్యోగి మర్యాదస్తుడే. పెన్షను కాగితాల మీద అమ్మానాన్నలు కలిసి దిగిన ఫొటో ఉంటుంది కదా, దానిని అద్దం దగ్గరకు తెచ్చి అమ్మ ముఖం వంకా ఫొటో వంకా మార్చి మార్చి చూశాడు. ‘ఫొటో మీదేనండీ, పేరే మీది కాదు’ అన్నాడు. ఇద్దరూ ఒకరేనని తహసీల్దారు దగ్గర నుంచి సర్టిఫికెట్ తెమ్మన్నారు. తెచ్చిన తరువాత అది చాలదని, సర్వీసు రిజిస్టరులోనే పేరు సరిచేయించుకోవాలని చెప్పారు. నాన్నగారి పాత ఆఫీసులో అడిగితే, ఆ సవరణకు ఉద్యోగి స్వయంగా సంతకం చేసిన దరఖాస్తు ఉండాలన్నారు.

లంచం ఎవరూ అడగలేదు, ఎవరూ విసుక్కోలేదు. మా అమ్మ మా అమ్మేనని అందరూ ఒప్పుకుంటున్నారు, పని మాత్రం కావడం లేదు. కాదంటున్నది ఎవరో కూడా తెలియని ఈ స్థితి ఆధునిక సమాజంలో తప్పనిసరా, లేక మనం తెచ్చిపెట్టుకున్నదా అన్నది నా ప్రశ్న. తెలిసినవారు తీరుబడిగా రాయగలరు.

కురుపాం_మార్కెట్

కాలం చేసినవారి సంతకం తెమ్మన్నారంటే ఆ ఆఫీసుకు పైలోకంలో ఒక బ్రాంచి ఉండే ఉంటుంది. ముందు దాని పనివేళలు కనుక్కోండి.

డాక్‌యార్డు_విశ్రాంతి

కురుపాం గారి హాస్యానికి నేనూ నవ్వాను గానీ, రూలును తిట్టే ముందు రూలు లేని కాలం ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. మాది శ్రీకాకుళం వైపు పల్లె. మా చిన్నతనంలో ఊరికి కరణం, మునసబు ఉండేవారు, ఆ పదవులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. భూమి ఎవరి పేరున ఉందో, శిస్తు ఎవరు బకాయో, ఆ లెక్కంతా కరణం గారి ఇంట్లో చెక్కపెట్టెలో ఉండేది. ఆయనకు ప్రతి మనిషి ముఖమూ, మూడు తరాల చరిత్రా తెలుసు. అంత తెలియడం వల్లనే, ఆయనకు నచ్చనివాడి పేరు అడంగల్‌లో, అంటే భూముల లెక్కల పుస్తకంలో, ఏ సంవత్సరం మాయమవుతుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. 1984లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేసినప్పుడు మా ఊళ్లో బాధపడినవారి కంటే ఊపిరి పీల్చుకున్నవారే ఎక్కువ.

మాక్స్ వెబర్ అనే జర్మన్ పండితుడు వందేళ్ల కిందట చెప్పినది ఇదే. ఆధునిక కార్యాలయంలో కుర్చీ వేరు, కుర్చీలోని మనిషి వేరు. పరీక్ష పెట్టి ఉద్యోగిని ఎంచుకుంటారు, నెల జీతం ఇస్తారు, ప్రతి నిర్ణయాన్నీ ఫైలులో రాయిస్తారు, ఎదుటివాడి మీద ప్రేమ గానీ కోపం గానీ చూపకుండా పని చేయమంటారు. ముఖం చూసి పని చేయడం మొదలైతే ముందుగా నష్టపోయేది పెద్ద ముఖం లేనివాడే. శ్రోత గారి అమ్మగారికి కలిగిన కష్టం నిజమే, కానీ అదే రూలు వల్ల ఎందరి పెన్షన్లు పక్కవాళ్ల చేతుల్లో పడకుండా ఆగాయో లెక్క కట్టేవారు లేరు.

ఉప్పుగాలి

డాక్‌యార్డు గారు వెబర్‌ను సగమే చెప్పారు. ఈ యంత్రాంగం ఎంత సమర్థంగా తయారైతే మనిషి అంతగా దాని లోపలే బందీ అవుతాడని బెంగపడినవాడు కూడా ఆయనే. ‘ఆఫీసు రహస్యం’ అనేది అధికార యంత్రాంగం తనకు తానుగా కనిపెట్టుకున్న వస్తువని, తనకు తెలిసినది బయటకు పొక్కనీయకపోవడంలోనే దాని బలం ఉందని కూడా ఆయనే రాశాడు. ఇక్కడ శ్రోత గారిని బాధిస్తున్నది రూలు కాదు. ఆ రూలు ఏమిటో, ఏ పేజీలో ఉందో, దానిని ఎవరు సడలించగలరో ఎవరూ చెప్పకపోవడం.

కరణం పోయాడు, మంచిదే. కరణాన్ని నిలదీయడానికి అతని అరుగు దగ్గరకు వెళ్లి నిలబడవచ్చు, ఈ కంప్యూటరు తెర ముందు నిలబడి ఎవరిని నిలదీయాలి?

కురుపాం_మార్కెట్

నా పక్క షాపతను తెరను కూడా నిలదీస్తాడు. ఫలితం లేకపోయినా గొంతు బాగా పెరిగింది.

సచివాలయం_మూడోబల్ల

నేను వార్డు సచివాలయంలో పనిచేస్తున్నాను. 2019 సెప్టెంబరులో పరీక్ష రాసి వచ్చినవారిలో నేనూ ఒకర్తెను. ‘కాదంటున్నది ఎవరు’ అని శ్రోత గారు అడిగారు కాబట్టి, బల్లకు ఇవతలి వైపు నుంచి ఎలా కనిపిస్తుందో రాస్తాను.

ఉదయం యాప్‌లో ముఖం చూపించి హాజరు వేసుకుంటాం. ఆ తరువాత తెర తెరిస్తే గడువులో ఉన్న అర్జీలు ఒక వరుసలోనూ, గడువు దాటినవి ఎర్రగా మరో వరుసలోనూ కనిపిస్తాయి. దాటినవాటిని మేము ‘బియాండ్ ఎస్‌ఎల్‌ఏ’ అంటాం. ఎరుపు పెరిగితే సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో మన పేరు వస్తుంది, ఆ మర్నాడు టెలికాన్ఫరెన్సులో వినపడుతుంది. చేయగలిగిన అర్జీని చేసేస్తాం. చేయలేనిది, అంటే నిజంగా ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించవలసినది వచ్చినప్పుడు, ‘ఈ శాఖ పరిధిలోనిది కాదు’ అని రాసి మూసివేయాలన్న ఒత్తిడి చాలా ఉంటుంది. పరిష్కరించిన అర్జీ, మూసివేసిన అర్జీ లెక్కలో పక్కపక్కనే కూర్చుంటాయి. అర్జీదారుకు ఫోను చేసి తృప్తి కలిగిందా అని అడిగే ఏర్పాటు వచ్చింది గానీ, చాలామంది ఏ నంబరు నొక్కాలో తెలియక పెట్టేస్తారు.

పథకాల సంగతి వేరు. అర్హత తేల్చడం మా చేతిలో ఉందని జనం అనుకుంటారు. ఇంటి సభ్యులందరినీ ఒక పటంగా చేర్చి, ఆ ఇంటికి కారుందా, ఆదాయపు పన్ను కడుతున్నారా, ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారా, నెలకు సగటున 300 యూనిట్లు దాటి కరెంటు కాలుతోందా అని వేర్వేరు శాఖల జాబితాలతో కంప్యూటరే పోల్చుకుంటుంది. మా దగ్గరకు ఫలితం మాత్రమే వస్తుంది. ‘అనర్హులు’ అని వచ్చిన వ్యక్తి నా ఎదుట నిలబడి ఏడుస్తున్నప్పుడు నేను చేయగలిగినది ఆ తెరను ఆవిడ వైపు తిప్పి చూపించడం.

మర్రిపాలెం_అద్దెయిల్లు

ఆ 300 యూనిట్ల బాధితులం మేమే. నాలుగు వాటాల ఇల్లు, మీటరు ఒక్కటే. కింద వాటావారు వెల్డింగు మిషను నడుపుతారు, మేమేమో ఫ్యాను వేసుకోవాలన్నా ఆలోచించేవాళ్లం. ఆ మీటరు ఎప్పుడో మా ఆధార్‌కు ముడిపడింది. ఎవరు ముడివేశారో, ఏ రోజు వేశారో ఎవరికీ తెలియదు. ఆ ఏడాది మాకు రావలసినది రాలేదు. మూడోబల్ల గారిలాంటి ఒక అమ్మాయే పూనుకుని రాసి పంపితే తరువాత సరి అయ్యింది. కాబట్టి అంతా తెర చేతిలోనే ఉందన్న మాట పూర్తిగా ఒప్పుకోను. మనసు పెట్టిన మనిషి ఉంటే ఇప్పటికీ దారి దొరుకుతోంది.

ఉప్పుగాలి

అద్దెయిల్లు గారు, మీ అనుభవాన్నే అమెరికా పరిశోధకుడు మైకేల్ లిప్‌స్కీ 1980లో సిద్ధాంతంగా చెప్పాడు. చట్టం రాజధానిలో తయారైనా, పౌరుడికి అందేది మాత్రం కౌంటరు దగ్గర ఉద్యోగి తీసుకునే చిన్న చిన్న నిర్ణయాల రూపంలోనే అని ఆయన వాదన. ఆ కాస్త విచక్షణ అవినీతికి ఎంత సందు ఇస్తుందో దయకు కూడా అంతే సందు ఇస్తుంది. అవినీతి సందు మూయబోయి రెండింటినీ మూశాం. నా అభ్యంతరమంతా అక్కడే.

డాక్‌యార్డు_విశ్రాంతి

దయ మీద ఆధారపడే హక్కు హక్కు కాదు. అద్దెయిల్లు గారికి మంచి అమ్మాయి తగిలింది, వెనక వాటావారికి తగలకపోతే?

మధురవాడ_కోడు

ఇలాంటి సాఫ్ట్‌వేర్లు రాయడమే నా వృత్తి కాబట్టి ఒక విషయం స్పష్టంగా చెబుతాను. ‘సిస్టమ్ తీసుకోవడం లేదు’ అన్న మాటకు అర్థం లేదు. సిస్టమ్‌కు స్వంత అభిప్రాయాలు ఉండవు. రెండు పేర్లను పోల్చేటప్పుడు ఎంత శాతం పోలిక ఉంటే ఒకరేనని ఒప్పుకోవాలో ఒక అంకె పెడతాం. నూటికి నూరు అని పెడితే ‘అమ్మ’ ఎక్కువైనా ఆగిపోతుంది. ఎనభై అని పెడితే శ్రోత గారి తల్లిగారు గట్టెక్కుతారు గానీ, ఒకే వీధిలో ఉన్న ఇద్దరు లక్ష్ముల్లో ఒకరి డబ్బు ఇంకొకరికి పోయే ప్రమాదమూ ఉంటుంది. ఆ అంకె ఎంత ఉండాలన్నది పూర్తిగా పాలనాపరమైన నిర్ణయం. ఆచరణలో మాత్రం అది టెండరు పత్రంలో ఎక్కడా ఉండదు, ఎవరో ఒక కుర్ర ఇంజనీరు సాయంత్రం పూట తనకు తోచినది పెట్టి ఇంటికి పోతాడు. ఆ తరువాత అదే రూలుగా చలామణీ అవుతుంది.

పైగా మన పేర్లు ఇంగ్లిషులోకి వెళ్లేటప్పుడే సగం చెడిపోతాయి. ఒకే లక్ష్మిని ఒక గుమాస్తా ‘ఎక్స్’ పెట్టి రాస్తాడు, మరొకడు ‘కేఎస్‌హెచ్’ పెట్టి రాస్తాడు. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు, చివర రాసే దేశాల ఫారాలు తెచ్చి ఇచ్చారు. శ్రోత గారికి ఒక హెచ్చరిక: కంగారుపడి ఆధార్‌లో పేరు మార్పించకండి. అక్కడ పేరు మార్చుకునే అవకాశం జీవితకాలంలో రెండుసార్లే ఇస్తారు. ముందు ఏ పేరు మీద స్థిరపడాలో తేల్చుకోండి.

ఉప్పుగాలి

పేరు స్థిరంగా ఉండాలన్న పట్టుదల ప్రజలది కాదు, పన్ను వసూలు చేసేవారిది. 1849లో ఫిలిప్పీన్స్‌లోని స్పానిష్ గవర్నర్ జనరల్ క్లావెరియా ఇంటిపేర్ల జాబితా ఒకటి అచ్చు వేయించి ఊళ్లకు పంపించాడు. అక్కడివారికి మనలాగా తరతరాల ఇంటిపేర్లు అంతగా లేవు, రిజిస్టర్లలో ఎవరెవరో తేలడం లేదు కాబట్టి ఆ జాబితాలోంచి పేర్లు పంచిపెట్టారు. వేలిముద్ర సంగతీ అంతే. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టరు మాట తప్పకుండా కాగితం మీద చేతిముద్ర వేయించుకున్నాడు. 1897 నాటికి కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టి, నేరస్థులను గుర్తించడానికి వాడారు. దాని వర్గీకరణ పద్ధతికి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు ఎంతో కష్టపడ్డారు, పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది.

మన రాష్ట్రంలోనే స్టూవర్టుపురం ఉంది. 1871లో మొదలై 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించిన నేరజాతుల చట్టం కింద ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ పర్యవేక్షణలో అక్కడ సెటిల్‌మెంటులో ఉంచారు. ఆ చట్టం 1952లో రద్దయింది. రిజిస్టరులోంచి పేరు పోయినా ఆ ముద్ర ఆ కుటుంబాలను వదలడానికి ఎంతకాలం పట్టిందో ఆ ప్రాంతంవారిని అడగండి. అందుకే రిజిస్టరంటే నాకు భయం.

మధురవాడ_కోడు

స్టూవర్టుపురాన్నీ పెన్షను వెరిఫికేషన్‌నూ ఒకే గాటన కట్టడం అన్యాయం. అక్కడ నమోదైనవారికి శిక్ష, ఇక్కడ నమోదుకానివారికి నష్టం. రెండూ రిజిస్టర్లే అయినా జనం ఒకదాని నుంచి పారిపోయారు, రెండో దానికి క్యూ కడుతున్నారు.

మన్యం_మిరియం

పాడేరు నుంచి చదువుకోవడానికి వచ్చి విశాఖలోనే ఉండిపోయిన మనిషిని. కోడు గారు చెప్పిన ఆ రెండు రకాల రిజిస్టర్ల మధ్యనే మా కొండవాళ్ల చరిత్రంతా నడిచింది. 1839లో చేసిన ఒక చట్టంతో గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా పెట్టి పూర్తి అధికారం అప్పజెప్పారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తాతల నాటి పోడు భూమి కాగితం మీద రిజర్వు అడవి అయిపోయింది. మా వాళ్లకు ప్రభుత్వమంటే చాలా కాలం వరకూ ఫారెస్టు గార్డే. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చిన తరువాత మొదటిసారిగా రిజిస్టరులో పేరు ఉండాలని మేమే కోరుకున్నాం. గ్రామసభ కూర్చుని, ఏ గట్టు ఎవరిదో పెద్దవాళ్లు చెబుతుంటే అది సాక్ష్యంగా రాసుకోవచ్చని ఆ చట్టం ఒప్పుకుంది. ఊరి పెద్ద మాటకు విలువ ఇచ్చిన సర్కారు కాగితాన్ని నేను అప్పుడే చూశాను.

శ్రోత గారి సమస్యకు ఇది సంబంధం లేనిదనుకోకండి. ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపట్టిన నలుగురి మాటను చట్టం ఒప్పుకోవచ్చు, ఒప్పుకున్న సందర్భమూ ఉంది. ఇక్కడ ఎందుకు ఒప్పుకోలేదు అని అడగవచ్చు.

ఒక చిన్న ముచ్చట. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేసినప్పుడు, ఏయే ఆయుధాలు తీసుకువెళుతున్నారో స్టేషను రికార్డులో రాసి సంతకం పెట్టి వెళ్లారని మా వైపు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

కురుపాం_మార్కెట్

అంటే తిరుగుబాటుదారు కూడా రసీదు ఇచ్చి వెళ్లారు. నేను ఇచ్చిన అర్జీకి రసీదు అడిగితే ‘నమ్మకం లేదా’ అన్నారండీ.

అడవివరం_అరుగు

ఒక రిజిస్టరులో ఉండి మరో రిజిస్టరులో లేకపోవడమంటే ఏమిటో సింహాచలం పంచగ్రామాలవారిని అడగాలి. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి గ్రామాల్లో దేవస్థానం భూముల వివాదం దశాబ్దాలుగా కోర్టుల్లో ఉంది. ఎవరిది న్యాయమో ఇక్కడ తేల్చడం నా పని కాదు. మా ఇంటికి కరెంటు మీటరుంది, కుళాయి ఉంది, ఓటరు జాబితాలో తలుపు నంబరుంది, ఇంటి పన్ను కడుతున్నాం. అమ్ముదామంటే మాత్రం రిజిస్ట్రేషను కాదు. ఒక శాఖ కంటికి నేను ఇంటి యజమానిని, మరో శాఖ కంటికి నా ఇల్లే లేదు. పన్ను కట్టించుకునేటప్పుడు కనిపించే ఇల్లు హక్కు అడిగేటప్పుడు ఎందుకు కనిపించదో డాక్‌యార్డు గారే చెప్పాలి.

డాక్‌యార్డు_విశ్రాంతి

చెప్పలేను. పన్ను రసీదు యాజమాన్య హక్కు ఇవ్వదన్నది చట్టం, అది మీకూ తెలుసు. అయితే మీ మాటలో ఉన్న పోటు నాకు తగిలింది.

ఒక్క విషయంలో నేను కూడా యంత్రాంగానికి వ్యతిరేకినే. బ్రిటిష్ నౌకాదళ చరిత్రకారుడు పార్కిన్‌సన్ 1955లో ఒక వ్యాసంలో లెక్క చూపించాడు. 1914లో వాళ్లకు 62 పెద్ద యుద్ధనౌకలు ఉంటే 1928 నాటికి 20 మిగిలాయి. అదే కాలంలో అడ్మిరల్టీ అనే నౌకాదళ కార్యాలయంలో అధికారులు 2,000 నుంచి 3,569కి పెరిగారు. నౌకలు తగ్గాయి, నౌకల గురించి ఉత్తరాలు రాసుకునేవారు పెరిగారు. తీరాన పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ లెక్క చదివి నేను ఆశ్చర్యపోలేదు, అంతకంటే ఎక్కువ చెప్పను.

పెదవాల్తేరు_పైఅంతస్తు

అందరూ ప్రభుత్వం మీదనే పడ్డారు. మా అపార్టుమెంటు సంఘం సంగతి చూడండి. గేటు దగ్గర యాప్ పెట్టాం. పనిమనిషి ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని ఇళ్లకు వెళ్లింది, ఎప్పుడు బయటపడింది అంతా మా ఫోన్లలో కనిపిస్తుంది. ఆవిడ ఒక ఇల్లు మానేస్తే ఆ ఇంటావిడ రేటింగు తగ్గించి ఇవ్వగలదు, పక్క ఇంట్లో పని దొరకదు. తిరిగి మా గురించి రేటింగు ఇచ్చే వీలు ఆవిడకు లేదు. ఏ చట్టమూ చేయకుండా, ఏ ఓటూ లేకుండా, నెల నెలా మెయింటెనెన్సులో డబ్బులు కట్టి మరీ మనమే తెచ్చుకున్నాం. ‘భద్రత కోసం’ అన్న తరువాత మా జనరల్ బాడీలో ఒక్కరూ నోరెత్తలేదు, నాతో సహా.

సచివాలయం_మూడోబల్ల

మేము హాజరు యాప్ గురించి బాధపడితే మా ఇంట్లో పనిచేసే ఆవిడ నవ్వింది, ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఉపాధి హామీ కూలీలకు కూడా రోజుకు రెండుసార్లు ఫొటో ఎక్కించాలని 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులరు ఇచ్చుకోవలసి వచ్చింది. నిఘా ఎంత పెరిగితే దానిని తృప్తిపరిచే నటన కూడా అంత పెరుగుతుంది.

కంచరపాలెం_మెట్టు

ఇంతసేపు చదివాను. ఒక్క మంచి మాట కూడా ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతాను. మా అమ్మమ్మకు పక్షవాతం. వలంటీర్లు ఉన్నప్పుడు వాళ్లూ, 2024 జూలై నుంచి సచివాలయ ఉద్యోగులూ నెల మొదటి రోజున ఇంటికి వచ్చి పెన్షను చేతిలో పెడుతున్నారు. అంతకుముందు ఆటోలో తీసుకువెళ్లి ఎండలో కూర్చోబెట్టేవాళ్లం. వలంటీరుకు మా ఇంట్లో ఎవరెవరు ఉంటారో, అన్నయ్య ఎక్కడ పనిచేస్తాడో అన్నీ తెలుసు, అది నాకు నచ్చేది కాదు. కానీ అమ్మమ్మ మంచం పట్టి ఉందని తెలిసినది కూడా అందుకే. ఇంట్లోకి తొంగిచూసే చూపు వద్దు, ఇంటికి వచ్చే డబ్బు కావాలి అంటే కుదురుతుందా? ఉప్పుగాలి గారు దీనికి జవాబు ఇవ్వాలి.

ఉప్పుగాలి

పూర్తి జవాబు నా దగ్గర లేదు. కనీసం ఆ చూపు రెండు వైపులా ఉండాలి అంటాను. వాళ్లకు మన ఇంట్లో ఎవరున్నారో తెలిస్తే, మన ఫైలు ఎవరి బల్ల మీద ఎందుకు ఆగిందో మనకూ తెలియాలి. రాజస్థాన్‌లో 1990లలో పల్లె కూలీలు మస్టరు రోళ్ల, అంటే కూలీల హాజరు పట్టీల, నకళ్లు తెప్పించి నలుగురిలో చదివించారు. చేయని పనికి డబ్బు తీసుకున్నట్టు చనిపోయినవారి పేర్లు బయటపడ్డాయి. 2005 సమాచార హక్కు చట్టం ఆ పోరాటంలోంచి వచ్చినదే. 1923 నాటి అధికార రహస్యాల చట్టంతో పేచీ వస్తే తన మాటే చెల్లుతుందని ఆ చట్టం 22వ సెక్షనులో రాసుకుంది. మన రాష్ట్రం ఉపాధి హామీకి సామాజిక తనిఖీ పెట్టి ఒకప్పుడు దేశానికి దారి చూపింది కూడా.

డాక్‌యార్డు_విశ్రాంతి

ఇక్కడ ఉప్పుగాలి గారితో నాకు తగాదా లేదు. శ్రోత గారి పనికి వద్దాం.

ఒకటి, పాత ఆఫీసు చెప్పిన మాట నోటిమాటగా వదిలేయకండి. ఉద్యోగి మరణించిన తరువాత భార్య పేరు సవరణకు ఏ నియమం వర్తిస్తుందో రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం 4(1)(డి) ప్రకారం, ఒక నిర్ణయం వల్ల ప్రభావితులైనవారికి ఆ నిర్ణయానికి కారణాలు చెప్పడం కార్యాలయం బాధ్యత. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. రెండు, సర్వీసు రిజిస్టరులో కుటుంబ వివరాల పేజీ, నామినేషను పత్రం, ఉమ్మడి ఫొటో ఉన్న పేజీ, వీటి ధ్రువీకృత నకళ్లు అదే దరఖాస్తులో అడగండి. నామినేషనులో పుట్టిన తేదీ గానీ గుర్తింపు మచ్చలు గానీ రాసి ఉంటే పేరు చివరి అక్షరాల గొడవ సగం తీరుతుంది.

మధురవాడ_కోడు

ఆధార్‌తో పేరు కలవలేదన్న కారణంతోనే ఆపితే 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు కూడా చూపించండి. ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీలకు, ప్రయోజనాలకు ఆధార్ అడగవచ్చని మెజారిటీ తీర్పు చెప్పింది గానీ, ఉద్యోగి పనిచేసి సంపాదించుకున్న పెన్షను లాంటివి ఆ ప్రయోజనాల కిందికి రావని అందులోనే ఉంది.

సీతమ్మధార_శ్రోత

ఈ తీర్పు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అందరికీ కృతజ్ఞతలు. దరఖాస్తు ఈ వారమే పోస్టు చేస్తాను. ఒక సందేహం: అఫిడవిట్ కూడా జతచేయాలా? నోటరీ గారు చేద్దామంటున్నారు. మన్యం గారు చెప్పినట్టు, నాన్నగారితో పనిచేసి అమ్మను ఎరిగిన ఇద్దరు సహోద్యోగుల సాక్ష్యం కూడా పెట్టాలని ఉంది.

సచివాలయం_మూడోబల్ల

సమాచార దరఖాస్తుకు అఫిడవిట్ జతచేయకండి, రెండూ కలిస్తే మీరు సమాచారం అడగలేదు, సవరణ అడిగారని రాసి తిప్పి పంపుతారు. పేరు సవరణ అర్జీ వేరుగా పెట్టి, అఫిడవిట్టూ సాక్షుల సంతకాలూ దానికి జతచేసి, స్పీడు పోస్టులో పంపి, ఆ రసీదు నంబరును సమాచార దరఖాస్తులో రాయండి.

ఇంకొక మాట. జవాబులో ‘నిబంధనల ప్రకారం’ అని మాత్రమే వస్తుంది, సిద్ధంగా ఉండండి. ఏ నిబంధన, ఏ తేదీ, ఏ పేరా అని రాయకపోతే అది జవాబు కిందికి రాదని మొదటి అప్పీలు వేయాలి. జవాబు అందిన 30 రోజుల్లోపు వేయండి. అప్పీలు అదే ఆఫీసులోని పై అధికారికి వెళుతుంది కాబట్టి, ఫైలును అంతవరకూ చూడని ఒక మనిషి కనీసం ఒకసారి తెరిచి చదువుతారు.